రాయి ముందే పెట్టిన బుద్రు బావ

నిన్న పొద్దున డుంబ్రిగుడ సంతలో ఉండగా ఫోన్ వచ్చింది. బుద్రు బావ పోయాడని.

"ఏటి వాగుతన్నావురా?" అని ఫోన్ చేసిన మేనల్లుణ్ని, బావ కొడుకుని, తిట్టాను. మొన్ననే కదా, కాఫీ తోటలో కొమ్మలు నరుకుతూ నన్ను సోమరిపోతు అన్నాడు.

వాడు ఏడ్చాడు. అప్పుడు నమ్మాను.

చుట్టూ సంత సంతలాగే ఉంది. నాకే ఏమీ వినిపించలేదు. అంత నిశ్శబ్దం నా బతుకులో ఇంకొక్కసారే చూశాను. అప్పుడూ పక్కన మా బావే.

ఆ సంగతి చెప్పకుండా బావ గురించి చెప్పడం నాకు రాదు. నేను పెద్దగా చదువుకోలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. అబద్ధం మాత్రం ఒక్కటీ లేదు.

తొంభైల్లో మాట. విశాఖ అవతల సముద్రంలో ఓడ ఒకటి పగిలి, నూనె ఒడ్డుకి కొట్టుకొచ్చింది. శుభ్రం చేసే కూలీల కోసం కాంట్రాక్టర్ మా కొండలకి వచ్చాడు. అరకులో రైలెక్కాం. టైడా స్టేషను దాటేదాకా బావ ఒకటే జోకులు.

"సముద్రానికి తానం సేయించడానికి పోతన్నాం రా. సబ్బు తెచ్చినావేటి?"

ఒడ్డు చూశాక నోరు మూసుకున్నాడు.

అలలు వస్తున్నాయి.

చప్పుడు లేదు.

నల్లగా, బరువుగా లేచి, అలాగే పడుకుంటున్నాయి. కాకి లేదు. పీత లేదు. ఈగ కూడా లేదు.

నూనె ఇసుకని పారలతో ఎత్తి గోనెసంచుల్లో నింపాం. చచ్చిన తాబేళ్లని కూడా లారీలో వేయమన్నారు. ఒకదాని కడుపు నిండా గుడ్లు. బావ వేయనన్నాడు.

"కడుపుతో ఉన్నదాన్ని సెత్తలో ఏత్తారేటి? నీ ఇంట్లో ఆడోళ్లు లేరా?" అని కాంట్రాక్టర్ మీదకి పోయాడు.

మామూలు అల రానంత ఎగువన, పోటుకి నూనె ఇంకిన ఆ ఇసుకలోనే గొయ్యి తీసి పూడ్చాడు. పైన రాయి నిలబెట్టాడు.

తప్పు అక్కడే జరిగింది.

మా ఊళ్లో పోయినవాళ్లకి రాయి పెడతాం. వెంటనే కాదు. మనిషి మట్టిలో కలిసిపోయాక, చాలా రోజులు ఆగి పెడతాం. ఇక నీ దారిన నువ్వు పోవచ్చు అని చెప్పడం అది. బావకి ఆ సంగతి తెలుసు. కానీ మళ్లీ ఇటు వస్తామో రామో అని ఆ రోజే పెట్టేశాడు.

మరుసటి ఏడు ఒక మేడం ఒడ్డున ఆ రాయి చూసి, కాంట్రాక్టర్ని అడిగి మా ఊరు వెతుక్కుంటూ వచ్చింది. సుజాత మేడం. నూనె పడిన ఒడ్డు ఎప్పటికి బాగుపడుతుందో చూసే సైంటిస్టు. ఆ రాయి ఎవరు పెట్టారని అడిగింది. దాని కింద తవ్వాలంది.

మళ్లీ వెళ్లాం. ఒడ్డు తెల్లగా ఉంది. జనం బంతాట ఆడుతున్నారు.

రాయి పక్కన తవ్వాం.

తాబేలు అలాగే ఉంది. కుళ్లలేదు. కన్ను కూడా పోలేదు. పురుగు ముట్టలేదు. గోతిలోంచి నూనె వాసన.

"పైన శుభ్రమైంది బుద్రుగారూ. కింద నూనె అలాగే ఉంది," అంది మేడం. "గాలి ఆడదు. గాలి లేకపోతే కుళ్లబెట్టే పురుగులేవీ బతకవు."

"అయితే అది ఇంకా పోలేదా మేడం?" అన్నాడు బావ.

మేడం గ్లౌజులు తీసి, చేతులు చూసుకుంటూ కూర్చుంది.

ఊరొచ్చాక బావకి నవ్వు పోయింది. పొమ్మని రాయి పెట్టాను, దాన్నేమో మట్టి తీసుకోలేదు, ఇప్పుడది ఎటు పోతుంది అని ఒకటే గొడవ.

ఒక పొద్దున నన్ను ఊరి పక్క గెడ్డ, అదే వాగు, దగ్గరికి లాక్కెళ్లాడు. మంచు ఇంకా లేవలేదు. తడి మట్టిలో వెడల్పుగా ఒక జాడ. బరువైనదేదో కడుపు ఆనించి ఈడ్చుకుంటూ వచ్చినట్టు. నీళ్లలోంచి మొదలై బావ గుమ్మం దాకా ఉంది. తిరిగి వెళ్లిన జాడ లేదు.

"ఎవడో దుంగ లాగాడులే బావా," అన్నాను.

"వాసన సూడు," అన్నాడు.

చూశాను. నేను దెయ్యాలని నమ్మను. ఇప్పటికీ నమ్మను. కానీ ఆ వాసన నూనెదే.

అప్పట్నుంచి ఏటా చైత్రంలో మా కొండల్లో చేసే ఇటుకల పండగ కాగానే కొండ దిగేవాడు. మేడం శాంపిల్ తీసుకునేది. బావ తాబేలుని చూసి, మళ్లీ ఇసుక కప్పి వచ్చేవాడు. "తాబేలుకి అల్లుడివా ఏటి బావా, ఏటేటా పోతావు?" అని నేను ఆటపట్టిస్తే కర్రెత్తేవాడు. అయినా ప్రతిసారీ తోడెళ్లాను. ప్రతిసారీ అది అలాగే ఉండేది. మా జుట్టే తెల్లబడింది.

రెండువేల సంవత్సరం దాటి చాలా ఏళ్లకి, ఒకసారి తవ్వితే డిప్ప ఒక్కటే వచ్చింది. లోపల ఇసుక. ఆ ఇసుకలో సన్నటి ఎర్ర పురుగు కదిలింది.

మేడం చిన్నపిల్లలా అరిచింది. బావ దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఓసి గుంటా, ఇన్నాళ్లు ఎక్కడికి పోయినావే," అని ఏడ్చాడు.

రాయి మీద కల్లు పోశాడు. గెడ్డ నుంచి గుమ్మం దాకా వచ్చిన ఆ జాడ మళ్లీ ఎప్పుడూ కనబడలేదు.

కొంచెం అవతల తవ్వితే ఇంకా నలుపే ఉందని మేడం చెప్పింది. అదీ నిజమే. దాచను.

నిన్న మధ్యాహ్నం బావకి గొయ్యి తవ్వాం. పార పడగానే వానపాములు. ఎక్కడ చూసినా అవే. మేనల్లుడు ఏరి పారేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండనీరా. మీ అయ్య ఈటి కోసమే ఏటేటా సముద్రానికి పోయేవోడు."

బావా, నీ రాయి నేనే పెడతాను. నీలా తొందరపడను.

చల్లగా పడుకో. బేగి మట్టైపో.