బాబాయి ఒక్క తట్టు

మా బాబాయికి ఏది కనిపించినా ఒక్క తట్టు తట్టి, అది ఎన్నిసార్లు ఊగి ఆగుతుందో లెక్కపెట్టే జబ్బు ఉంది. నిచ్చెన, వేలాడే దీపం, చివరికి పళ్ల డాక్టరుగారి కుర్చీ, దేన్నీ వదలడు. కుడిచేత్తో తడతాడు, ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని వేళ్లు మడుస్తాడు.

ఆయన ఉద్యోగమూ అదే. యాంప్లిఫయర్ల కార్ఖానాలో పరీక్షల గది ఆయనది. బయటికొచ్చిన సిగ్నల్లో కొంత వెనక్కి పంపితే యాంప్లిఫయర్ తన తప్పు తానే దిద్దుకుంటుంది. ఆ దిద్దుబాటు ఆలస్యంగా చేరిందా, ఊగిపోతుంది. అందుకే బాబాయి ఒక్క కుదుపు ఇచ్చి, తెర మీద గీత ఎన్ని ఊపులకు కుదుటపడుతుందో చూస్తాడు.

"అయిదు ఊగితే ప్రమాదం. అసలు ఊగకపోతే మొద్దు. ఒకటో రెండో అయితే బంగారం," అంటాడు.

"నన్నూ తట్టాడ్రా," అంది పిన్ని. "పెళ్లయిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైందన్నాడు. ఇరవై ఏళ్లయింది, ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు!"

నాకేమో ముక్కు మీద కోపం. దాంతో రెండు ఉద్యోగాలు ఊడాయి. మూడోది బాబాయి గదిలోనే, ఆర్నెల్ల గడువు మీద. నేను తయారుచేసిన యాంప్లిఫయర్‌ను తనిఖీ అధికారి ఒప్పుకుంటేనే ఖాయం చేస్తారు.

ఆ ఆర్నెల్లూ బాబాయి నా ప్రాణం తోడేశాడు. "ఈ టంకం నువ్వే పెట్టావా, కాకి రెట్టేసిందా?" అనేవాడు. నేను ఇంతెత్తున లేచేవాణ్ణి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నింపాదిగా వినేవాడు. సొంత బాబాయే పగబట్టాడే అని కుళ్లిపోయాను.

తనిఖీ రోజు రానే వచ్చింది. అధికారి నా పెట్టెను ఎగాదిగా చూసి, "ఇది యాంప్లిఫయరా, టిఫిన్ డబ్బానా?" అన్నాడు.

కాకి రెట్ట ముందు ఇదెంత! "మీరే కుదిపి చూడండి సార్," అన్నాను.

కుదిపాడు. గీత రెండుసార్లు ఊగి ఆగింది. సంతకం పెట్టి వెళ్లాడు.

ఫలితం రాద్దామని బాబాయి పరీక్షల పుస్తకం తెరిచాను. యాంప్లిఫయర్ల నంబర్ల మధ్య ఒక వరుసకు "మా అబ్బాయి" అని ఉంది. మొదటి రోజు: పదకొండు కేకలు, తలుపు గడియ ఊడింది. తర్వాత తొమ్మిది, ఆరు, నాలుగు. నిన్న రెండు. దాని పక్కన, "ఇక ఎవరు తట్టినా భయం లేదు."

పుస్తకం పట్టుకుని ఆయన వైపు తిరిగాను. "బాబాయ్, నువ్వు నా కోసం..."

"ఏడిశావులే. పెట్టె మంచిది కాబట్టి గట్టెక్కావు. నీ గొప్పేం లేదు."

"ఆ పెట్టె చేసింది నేనే కదా!" అని అరిచాను.

బాబాయి వీపు వెనక నుంచి చెయ్యి తీసి ఒక్క వేలు చూపించాడు.

"ఒకటి. బంగారం!" అని పుస్తకంలో రాసుకున్నాడు.