దుప్పటి కప్పేలోగా

మార్కాపురంలో నేను మానసిక ఆరోగ్య కౌన్సెలర్‌ని. చుట్టుపక్కల ఎక్కడైనా మతి తప్పిన మనిషి రోడ్డు మీద కనిపిస్తే పోలీసులు నాకు ఫోన్ చేస్తారు. వాళ్ల జీపులోనే నేనూ వెళ్తాను. లాఠీ లేవకముందే మాటలతో మనిషిని శాంతింపజేయడం నా పని. నాతో ఎక్కువగా వచ్చేది ఒక హెడ్ కానిస్టేబుల్, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి.

ఒక కార్తీక సోమవారం పొద్దున దోర్నాల నుంచి ఫోన్ వచ్చింది. శ్రీశైలం రోడ్డులో హోటళ్ల ముందు ఒక ఆడమనిషి బట్టలు విప్పేసి తిరుగుతోందట.

మేం వెళ్లేసరికి గుంపు మూగి ఉంది. జీపులోంచి నాకు మొదట కనిపించినవి పైకి లేచిన చేతులు, వాటిలో ఫోన్లు. మెడలో మాల వేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకాయన ఒక చేత్తో ఇడ్లీ ప్లేటు, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్నాడు. చట్నీ మోచేతి దాకా కారుతున్నా చూసుకోవడం లేదు.

ఆమెకు నలభై లోపే ఉంటాయి. హోటల్ గోడకూ నీళ్ల డ్రమ్ముకూ మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. చీర బురదలో పడి ఉంది. తల నుంచి నీళ్లు కారుతున్నాయి. జుట్టులో మెతుకులు, కరివేపాకు రెబ్బలు. మేం రాకముందే హోటలాయన అంట్లు కడిగిన నీళ్లు బకెట్టుతో తెచ్చి ఆమె మీద గుమ్మరించాడట.

“ఏంది నువ్వు చేసిన పని?” అని హెడ్ కానిస్టేబుల్ అడిగాడు.

“నీళ్లు పోస్తే పోతాదనుకున్యా సార్. బేరం టైం గదా,” అన్నాడు, ఈగను తోలిన మనిషిలా.

హెడ్ కానిస్టేబుల్ ఆమెకు అడ్డంగా, గుంపు వైపు తిరిగి నిలబడ్డాడు. “ఫోన్లు దించండి. మీ ఇండ్లల్లో ఆడోళ్లు లేరా?” కొందరు దించారు. కొందరు నాలుగడుగులు వెనక్కి వేసి మళ్లీ ఎత్తారు.

నేను జీపులోని దుప్పటి తీసుకుని, ఆమెకు కాస్త ఎడంగా నేల మీద కూర్చున్నాను. మీద మీదకు వెళ్తే ఇంకా బెదిరిపోతారు.

“చలి పెడుతోందా అమ్మా?”

“చీరలో చీమలు పోసినారక్కా.”

“ఎవరు?”

“బండిలో వాళ్లు.”

“ఇందులో లేవు, చూడు,” అని దుప్పటి నా భుజాల మీద వేసుకుని చూపించాను. ఆమె దాని అంచు లాక్కుని వాసన చూసింది. తర్వాత కప్పమన్నట్టు నావైపు వీపు తిప్పింది.

ఆమెను ఆస్పత్రిలో చేర్పించాం. ఆ బండి సంగతి మరునాడు ఆమె భర్త, అత్త వెతుక్కుంటూ స్టేషన్‌కు వచ్చినప్పుడు తెలిసింది. పొదిలి దగ్గర ఊరు వాళ్లది. జబ్బు తగ్గాలని మొక్కుకుని, ఆమెకు వాడుతున్న మాత్రలు మాన్పించి, బంధువులతో కలిసి టెంపోలో శ్రీశైలం బయల్దేరారు. దారి పొడుగునా అరుస్తుంటే, దోర్నాలలో టిఫిన్‌కు ఆగినప్పుడు ఆమెను అక్కడే వదిలేసి కొండకు వెళ్లిపోయారు.

“దర్శనానికి టైం అయిపోతా ఉండె సార్. వచ్చేటప్పుడు ఎక్కించుకుందామనుకున్నాం,” అన్నాడు భర్త.

“గుళ్లో అట్ల అరిస్తే మా పరువేం గావాల?” అంది అత్త. ఆ వెంటనే సంచి విప్పి లడ్డు తీసింది. “స్వామి ప్రసాదం. తీసుకో నాయనా. నువ్వూ తీసుకోమ్మా.”

 బయటికి వెళ్లి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి ప్రసాదం ఎవరూ ముట్టకుండా బల్ల మీదే ఉంది. హెడ్ కానిస్టేబుల్ భర్తను నిలబెట్టి వాంగ్మూలం రాసుకుంటున్నాడు.

కొద్దిరోజులకు మా బంధువొకామె నాకో వీడియో పంపింది. “మీ దోర్నాల దగ్గరంట, చూడు,” అని రాసింది. ఎవరో దానికి వెనక నుంచి నవ్వుల చప్పుడు అతికించారు. అందులో నా వీపు కూడా ఉంది. మా బంధువు గుర్తుపట్టలేదు. ఇప్పటికీ నేను ఆమెతో సరిగా మాట్లాడలేకపోతున్నాను. ఆస్పత్రిలో ఉన్న భార్యను ఇంటికి తీసుకెళ్లమంటే ఆ భర్త ఆ వీడియోనే చూపించి, “ఊరంతా చూసినాక ఇంట్లో ఎట్ల పెట్టుకునేది?” అన్నాడు. నడిరోడ్డు మీద వదిలేసి వెళ్లినవాడు అన్న మాట అది.

చివరికి ఆమె తమ్ముడు వచ్చాడు. హనుమంతునిపాడు వైపు గొర్రెలు మేపుకునే మనిషి. వీడియో అతనూ చూశాడు. దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. “మాత్రలు ఏ పూట ఏవి వేయాలో చెప్పు మేడమ్,” అని మాత్రం అడిగి, అక్కను వెంటబెట్టుకుని వెళ్లాడు.

మొన్న ఆమెను చూడ్డానికి తమ్ముడింటికి వెళ్లాను. మనిషి తేరుకుంది. అరుగు మీద కూర్చుని కందికాయలు వలుస్తోంది. తమ్ముడు పక్కనే తాడు పేనుతున్నాడు.

“అక్కా, ఆ పొద్దు నా ఒంటి మీద బట్ట లేదంట గదా,” అంది.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “కాసేపు లేదు. తర్వాత దుప్పటి కప్పాం.”

“కప్పేలోగా శానామంది చూసినారా?”

తమ్ముడు తాడు పక్కన పెట్టి దొడ్డి వైపు వెళ్లిపోయాడు. చాలామందే చూశారని చెప్పాను. ఆమె ఇంకో కాయ వలిచింది.

“ఇంక పొదిలి బజారుకు నేను పోలేనక్కా,” అంది. “ఎదురొచ్చినోళ్లల్లో ఎవురు చూసినారో, ఎవురు చూడలేదో నాకెట్ల తెలుస్తాది?”