వంకర మెడ గరాటు

బైబిల్ మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా కోతలు ఎరిగినవాళ్ళు ముసిముసిగా నవ్వుకోవచ్చు. ఈ ఒక్కసారికీ నమ్మండి.

మొన్న రాజమండ్రిలో ఒక పాత వస్తువుల కొట్టులో, గాజు బీరువాలో, ఎర్ర పట్టుగుడ్డ మీద మా మేనత్త కిరసనాయిలు గరాటు కనిపించింది. అదే కాకపోయినా అలాంటిదే: వెడల్పాటి ఇత్తడి మూతి, కొంగ మెడలా వంపు. "గరాటుకి ఇంత మర్యాదేంటండీ?" అన్నాను. కొట్టాయన నొచ్చుకున్నాడు. "గరాటు కాదండి బాబూ. దొరల కాలంలో చెవిటివాళ్ళు వాడేదండి. సన్నటి కొస చెవిలో పెట్టుకుంటే, ఇటు మూతిలో ఎంత మెల్లగా మాట్లాడినా వినిపించేదండి." తరవాత ఖరీదు కూడా చెప్పినట్టున్నాడు, నాకు వినబడలేదు. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

మా మేనత్తది కడియం పక్క పల్లె. నడివయసులో విషజ్వరం వచ్చి, పోతూ పోతూ ఆవిడ రెండు చెవుల వినికిడినీ పట్టుకుపోయింది. ఆ గరాటు ఆవిడ అత్తగారి పెట్టెలో దొరికింది. మిషన్ ఆస్పత్రి దొరసాని ఊరు వదిలి వెళుతూ ఇచ్చిందట. అదేమిటో ఎవరికీ తెలియదు. పాస్టరుగారు బూర అన్నారు, బుగ్గలు నొప్పెట్టేలా ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. చివరికి గరాటని మా అత్తే తేల్చింది. లాంతరులో కిరసనాయిలు పోసినప్పుడల్లా సగం నేలపాలయ్యేది. "అంత చదువుకున్న దొరసాని, గరాటుకి మెడ తిన్నగా పెట్టించుకోలేకపోయిందేంట్రా!" అని ఊరంతా వినేలా తిట్టేది. బడిపంతులైన మావయ్య నవ్వి ఏదో అనేవారు. ఆయన పెదాలు చూసి ఆవిడ అర్థం చేసుకునేది.

ఆ మావయ్యే మంచాన పడ్డారు. గొంతు పూడిపోయింది. పోయేనాటి సాయంత్రం అత్తను దగ్గరకు లాక్కుని, ఆవిడకు వినపడదన్న సంగతే మరిచిపోయి, చెవిలో ఏదో చెప్పారు. చుట్టూ ఉన్న మాకెవరికీ వినబడలేదు. చెవి దగ్గరున్న పెదాలు ఆవిడకు కనబడలేదు. "ఏమన్నార్రా? ఏమన్నారు?" అని మా ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఏ దెయ్యం పట్టిందో, నేను వంటింటి మేకుకున్న గరాటు తెచ్చి, తుడిచి, సన్నటి కొస ఆవిడ చెవిలో పెట్టి, మూతి మావయ్య నోటికి ఆనించాను. ఆయన మళ్ళీ పెదాలు కదిపారు. అత్త మొహం విచ్చుకుంది. "సిగ్గు లేకపోతే సరండి!" అని ఏడుస్తూనే నవ్వింది. ఆ మాటేమిటో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తరవాత ఊళ్ళో కరెంటు నిలకడగా ఉండటం మొదలై లాంతరు మూలపడింది. పాత ఇత్తడికి స్టీలు సామాన్లిచ్చే మనిషి వచ్చి, గరాటు వాసన చూసి మొహం చిట్లించాడు. "కిరసనాయిలు కంపండి, పైగా మెడ వంకరండి" అంటూనే తూకం వేసి, ఓ స్టీలు చెంబు ఆవిడ చేతిలో పెట్టాడు.

భర్త ఆఖరి మాట వినిపించిన వస్తువును ఎవరైనా చెంబుకి ఇచ్చేస్తారా అని మీరు అడగకముందే ఒప్పుకుంటాను. గరాటు ఆవిడ చెవిలో పెట్టడం నా కల్పన. కొట్టులో ఆ స్టూలు మీద కూర్చుని అల్లాను. మిగతాదంతా నిజం. ఆ సాయంత్రం అది మేకునే వేలాడుతోంది, కొస నుంచి కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా కారుతూ. బతికినన్నాళ్ళూ అత్త గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగింది, "ఆయన ఏమన్నార్రా?" అని. ఆ గరాటు ఏమిటో కాలం నాకు చెప్పనే చెప్పింది, తీరుబడిగా, అడిగే మనిషి వెళ్ళిపోయాక.