సుద్దగీతల పడవ

నిన్న పురానాపూల్ దగ్గర ఎవరో పగిలిన నీళ్ళ ట్యాంకుకు ఫైబర్ అతుకు వేస్తున్నారు. ఆ రెసిన్ జిగురు వాసన తగలగానే స్కూటర్ ఆపేశాను. వెనక ఆటో అతను తిట్టుకుంటూ పోయాడు, పోనీ. ఆ ఘాటు నాకు సాలెం చాచా వాసన. దానికి ఇలాచీ చాయ్ కూడా కలిస్తే మనిషి ఎదురుగా నిలబడ్డట్టే.

మాది దబీర్‌పురా, తాతల నాటి పప్పుల టోకు వ్యాపారం. మా వంశంలో సముద్రం చూసినవాళ్ళే తక్కువ. అలాంటిది నలభై దాటాక నాకు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకునే పిచ్చి పట్టి, అది ముదిరి గోవాలో ఓ పాత పడవ కొనేదాకా వచ్చింది. అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, తీరం వెంట కార్వార్ దాకా పోయి రావాలని ఆశ. అయితే పెద్ద పడవ ఒడ్డుదాకా పోదు. లోతున్న చోట లంగరు వేసి, అక్కడినుంచి ఓ చిన్న పడవలో ఒడ్డుకు చేరాలి. కూరగాయలైనా, మంచినీళ్ళైనా, మనుషులైనా అందులోనే. నా భార్య సునీతకు ఈత రాదు. "ఆ చిన్నదాంట్ల భయం లేకుంట కూసోగలిగితేనే వస్త. లేకుంటే పెద్దదాన్ని గూడ అమ్మెయ్," అని తేల్చేసింది. ఇరవై ఏళ్ళుగా ఎక్కడికి పోయినా ఇద్దరం కలిసే పోయాం. ఆమె లేకుండా నేను కదలను.

గాలి కొట్టే రబ్బరు పడవా, గట్టి పడవా అని నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. రబ్బరుది మడతపెట్టుకోవచ్చు, అంతగా ఊగదు. కానీ రాళ్ళకు అంటుకున్న గుల్లలు కోసుకుంటే చిరుగుతుంది, తెడ్లు వేస్తే సరిగా సాగదు. గట్టిదే మేలనుకున్నాను. మరి చేసేదెవరు? ముప్పై ఏళ్ళు గల్ఫ్‌లో పడవల కార్ఖానాలో పనిచేసిన సాలెం చాచా, బార్కస్‌లో రేకుల షెడ్డు వేసుకుని నీళ్ళ ట్యాంకులు చేస్తున్నాడని తెలిసింది. సముద్రం ఆనవాలు లేని ఊళ్ళో పడవలు తెలిసిన ముసలాయన! నేను ఆగుతానా?

పెద్ద పడవ మీద ఉన్న ఖాళీని కొలుచుకుని, ఆరున్నర అడుగుల పొడవుతో, మొన తేలిన చక్కటి బొమ్మ గీసుకుని పోయాను. చాచా దానివైపు చూడనైనా చూడలేదు.

"ఎవరు కూసుంటరు దీంట్ల?"

"నేను, మా ఆవిడ."

"ఆమె ఎత్తెంత? మోకాళ్ళు నొస్తయా? చెప్పుల సైజు?"

ఒక్కటీ తెలీదు నాకు. ఇరవై ఏళ్ళ కాపురం!

"పడవ కొలతలు తెచ్చినవ్, మనిషి కొలతలు తేలే. పో బేటా, ఆమెను తోల్కరా."

మర్నాడు సునీతను తీసుకెళ్ళాను. చాచా ఈసారి నా బొమ్మ చూసి, షెడ్డు మూలన నేలమీద ఆ పడవనే సుద్దతో అసలు కొలతల్లో గీశాడు. మధ్యలో రెండు పీటలు, రెండు నీళ్ళ క్యాన్లు పెట్టించి మమ్మల్ని కూర్చోమన్నాడు. నా మోకాళ్ళు ఆమె మోకాళ్ళకు కొట్టుకున్నాయి.

"ఇగ లెవ్వు బేటీ. గీత తొక్కొద్దు."

సునీత లేవబోయి తూలింది. పాదం గీత దాటింది.

"అల్లా! పిల్ల నీళ్ళల్ల పడ్డది," అన్నాడు చాచా.

సునీత నవ్వలేదు. మొహం పాలిపోయింది. "చూసినవా? నేను చెప్పలే?" అంది నాతో. కార్వార్ సంగతి అక్కడితో సరి అనుకున్నాను.

చాచా మాత్రం తొణకలేదు. నేను ముచ్చటపడి గీసుకున్న మొనను మడమతో చెరిపేసి, అక్కడ అడ్డంగా గీత లాగాడు. రెండు పక్కలా మరో జానెడు వెడల్పు చేశాడు. పొడవు అంతే.

"మొన అందానికే బేటా. కూసునే జాగ తింటది. పీటల కింద గాలి డబ్బాలు పెడత, నీళ్ళు నిండినా మునగది. బేటీ, అడుగు నడిమిట్ల పెట్టు. అంచు మీద ఎన్నడు పెట్టకు."

చాయ్ తాగుతూ ఆమెను పదిసార్లు కూర్చోబెట్టాడు, లేపాడు. పదోసారి ఆమె నవ్వింది. "గిట్లయితే వస్త," అంది.

"ఈ పద్ధతి ఎవరు నేర్పిన్రు చాచా?" అని అడిగాను. అడక్కుండా ఉండలేను కదా.

"ఎవరు నేర్పుతరు? మొదట్ల మస్తు అందమైన పడవ చేసిన. ఓడ మీద వంట చేసే ముసలాయన ఎక్కబోయి, అంచు తొక్కి పడ్డడు. బతికిండు గానీ మళ్ళ చిన్న పడవ ఎక్కలే. గప్పటి సంది ముందు నేల మీద సుద్ద, తర్వాతనే పడవ అచ్చు."

కార్వార్ దగ్గర లంగరు వేసిన సాయంత్రం, ఆ గీతల ప్రకారం చాచా చేసిచ్చిన చిన్న పడవలోకి సునీతే ముందు దిగింది. అడుగు సరిగ్గా నడిమధ్య పెట్టి కూర్చుంది. ఇంత నేర్చిన నేను అంచు తొక్కాను. పడవ ఒక్కసారి ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుంది. సునీత నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టి, "గీత తొక్కినవ్," అంది. ఒడ్డుదాకా తెడ్లు కూడా తనే వేసింది.

ఆ ముచ్చట చెబుదామని ఇద్దరం బార్కస్ పోతే, చాచా చనిపోయి నెల అయిందన్నారు. ఒక్క ఫోన్ చేసి ఉంటే ఏం పోయేది? ఆ మాట నన్నింకా తొలుస్తూనే ఉంది. ఇప్పుడు ఇంట్లోకి ఏం కొనబోయినా ముందు సునీతను పిలుస్తాను, కూర్చోమంటాను, లెమ్మంటాను. దుకాణంవాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఆ రోజు చాచా తమ్ముడు షెడ్డు తాళం తీశాడు. అంతా శుభ్రంగా ఊడ్చి ఉంది, ఆ మూల తప్ప. సుద్దగీతలు మసకగా అలాగే ఉన్నాయి.

"మీరు పోయొచ్చి చెప్పేదాక గీ జాగ ఊడ్వొద్దన్నడు భాయ్," అన్నాడాయన.

సునీత చెప్పులు విడిచింది. నడిమధ్య అడుగు పెట్టి కూర్చుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మెల్లగా లేచి నిలబడింది.

"తొక్కలే చాచా," అంది.