ఏటికి ఇవతలి ఊరు

మా పెదనాన్న మొన్న మంగళవారం పోయాడు. దీంతో వాకాడు మండలం తన ఏకైక ఆఫ్రికా నిపుణుణ్ని కోల్పోయిందని గంభీరంగా తెలియజేసుకుంటున్నాను. మిగిలినవాళ్ళం ఎవరమూ గూడూరు దాటినవాళ్ళం కాదు.

ఆయన సైన్యంలో డ్రైవరు. ఐక్యరాజ్యసమితి శాంతి దళంతో ఆఫ్రికా పోయి, అక్కడొక సరిహద్దు జిల్లాలో ఏడాదిపాటు నీళ్ళ ట్యాంకరు తోలాడు. రిటైరై వచ్చాక, వలలు బాగుచేసుకునే మావాళ్ళ పక్కన కూర్చుని తడి ఇసుకలో ఆ జిల్లా గీసేవాడు.

"ఇది ఏరు. ఇవతల జొన్న చేలు, అవతల పశువుల మందలు. వానలున్నన్నాళ్ళూ ఏరే హద్దు. ఎండిపోతే హద్దు యాడరా అబ్బయా?"

"మందలు ఇవతలికొస్తాయి."

"వస్తాయి. తాతల నాడు కర్రలతో కొట్టుకోని, మళ్ళా పిల్లల్ని ఇచ్చి పుచ్చుకునేవాళ్ళంట. తెల్లదొరలు ఏటి మీద గీత గీసి రెండు దేశాలు చేసినారు. తర్వాత తుపాకులొచ్చినాయి. రాజీ చెప్పే ముసిలోళ్ళు మిగల్లా."

మూడేళ్ళ డిగ్రీలో నాకెక్కని చరిత్ర అట్లా ఇసుకలో ఎక్కింది.

ఆయనకొక అలవాటు. ఎవరికీ మంచినీళ్ళు పోసి ఇచ్చేవాడు కాదు. ఇంటికి చుట్టాలొచ్చినా చెంబు మధ్యలో పెట్టి "మీరే పోసుకోండి" అనేవాడు. వాళ్ళు నొచ్చుకునేవాళ్ళు. నేను "మహారాజా వారూ" అని ఏడిపించేవాణ్ని. మంచాన పడ్డాక ఒకరోజు దాని కారణం చెప్పాడు.

"ఎండాకాలం. రెండు పక్కలవాళ్ళూ డబ్బాలతో నిలబడినారు. ఇవతలి ఊరు రోడ్డు పక్కనే. దగ్గర కదాని వాళ్ళకు ముందు పోసినా. అవతలివాళ్ళ వంతుకు ట్యాంకరు అయిపోయింది. మూడోనాడు పోతే ఇవతలి ఊరు లేదు. బూడిద."

నా చేతిలోని ఫోన్ వైపు చూపించాడు.

"మళ్ళా కట్టుకున్నారేమో, నీ ఫోన్లో చూడరా. పోయేలోపల తెలిస్తే చాలు."

ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని, ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో నాలుగు రోజులు వెతికాను. ఏరు దొరికింది. ఇవతల, గుడిసెలుండిన చోట గుండ్రటి మచ్చలు, అంతే. అవతల మటుకు కొత్త రేకులు మెరుస్తున్నాయి. బొమ్మను అటు జరిపి చూపించాను.

"ఉంది పెదనాన్నా. కట్టుకున్నారు."

చాలాసేపు చూశాడు.

"అది అవతలిదిరా. ఏటి వంపు నాకు తెలవదా?"

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తనే బొమ్మను ఇవతలికి లాగి, ఆ మచ్చల మీద వేలు ఆనించి ఉంచాడు. కాసేపటికి కళ్ళు మూతలు పడ్డాయి గానీ వేలు తియ్యలేదు. తెర మసకబారినప్పుడల్లా నేను ఒక మూల తాకుతూ, వెలుగు ఆరిపోకుండా కూర్చున్నాను.