శివలింగం మేస్త్రీ నల్ల బెల్టు

ఆదివారం పొద్దున గుడియాత్తంలో వేలూరు బస్సెక్కి, తెల్ల బట్టల మూట ఒళ్లో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చునే బట్టతల మనిషి శివలింగం మేస్త్రీ. వారమంతా గోడలు కట్టి, ఆ ఒక్కరోజు వేలూరు సత్తువాచారిలో పిల్లల వరసలో నిలబడి కరాటే నేర్చుకుంటాడు. పిల్లల కాళ్లు తలదాకా లేస్తాయి, ఈయన కాలు నడుం దాటదు. అయినా అందరికంటే గట్టిగా అరిచేది ఈయనే. "నల్ల బెల్టుకు ఇంకా ఎన్నాళ్లు పడతాదప్పా?" అని బస్సులో ఎవరో ఒకరు నవ్వుతూ అడుగుతారు. "మా సురేఖ బడికి పోయేలోపల వచ్చేస్తాది" అనేవాడు మొదట్లో. ఇప్పుడు ఆ కూతురు కాలేజీకి పోతోంది.

నల్ల బెల్టు పరీక్షనాడు కరాటే మాస్టరు జాలిపడి మెత్తని ఇటుక ఒకటి వెతికి ముందు పెట్టాడు. మేస్త్రీ దాన్ని చెవి దగ్గర వేలితో కొట్టి చూసి, "ఇది సరిగా కాలలేదు సార్" అంటూ అలవాటుగా పక్కన పడేసి, ఖంగున మోగేది ఏరి తెచ్చుకున్నాడు. "అయ్యయ్యో, పగలగొట్టేదానికప్పా, గోడ కట్టేదానికి కాదు!" అని మాస్టరు అనేలోపే అరుపు, దెబ్బ. ఇటుక రెండు ముక్కలైంది, చెయ్యి బన్నులా పొంగింది. ఆ సాయంత్రం భార్య పొన్నమ్మ తిడుతూ నవ్వుతూ పసుపు పట్టువేసి, ఆ చేతిని కొత్త నల్ల బెల్టుతోనే మెడకు వేలాడగట్టింది. మర్నాడు ఆయన పనికి పోకుండా బజారంతా తిరిగాడు. "చెయ్యి బాగయ్యేదానికి ఎన్నాళ్లు పడతాదప్పా?" అని టీకొట్టు ముందు ఎవరో అడిగారు.

"తొందరేముండాది నాయనా" అన్నాడు శివలింగం, బెల్టును ఇంకొంచెం ముందుకు జరుపుకుంటూ.