క్రేబ్‌ట్రీ గారి చెక్క మరదళ్ళు

ఎల్డన్ క్రేబ్‌ట్రీ తుపాకుల కొట్టులో తూటాలు అడిగితే వెంటనే ఇస్తారు, తోలు ఒరలు అడిగితే వెంటనే ఇస్తారు, కాఫీ అయితే అడక్కుండానే ఇస్తారు. పిస్తోలు మాత్రం ఇవ్వరు. బట్టల చాటున పెట్టుకు తిరగడానికి అరచేతిలో ఇమిడేంత పిస్తోలు కావాలని వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, ఎల్డన్ అతని చేతిలో ఒక చెక్క దిమ్మ పెట్టి, "పది రోజులు మోసి రా" అని పంపేస్తాడు. ఆర్కన్సా కొండల్లోని హిక్స్‌బర్గ్‌లో ఈ మాట తప్పించుకున్నవాడు లేడు. ఊరి షెరీఫ్ కూడా మోశాడు.

ఆ దిమ్మలు ఎల్డన్ అక్రోటు చెక్కతో స్వయంగా చెక్కినవి. మధ్యలో తొలిచి, గాలాలకు కట్టే సీసం గుళ్ళు పోసి, తూటాలు నిండిన పిస్తోలు ఎంత బరువుంటుందో సరిగ్గా అంతకు తూచి పెట్టాడు. మొత్తం నాలుగు. నాలుగింటికీ తన భార్య చెల్లెళ్ళ పేర్లు: ఒపల్, నోవా, ఐవీ, ఫర్న్. అన్నిటికన్నా చిన్నది ఫర్న్. "చూడ్డానికి ఇంతే ఉంటుంది. ఈ కొలత పిస్తోలు పేలిస్తే మణికట్టు ఊడొస్తుంది. అసలు ఫర్న్ కూడా అంతే" అంటాడు.

అసలు ఫర్న్ పక్క వీధిలోనే ఉంటుంది. ఈ మాట చెవిన పడి ఒకనాడు కొట్టుకు వచ్చి, బావగారిని గొడుగు కొసతో డొక్కలో పొడిచి వెళ్ళిపోయింది.

"చూశారా" అన్నాడు ఎల్డన్, కాఫీ తాగుతున్నవాళ్ళతో.

భార్యకి పిస్తోలు కొనడానికి వచ్చే మొగుళ్ళంటే ఆయనకి మరీ సరదా. అందరూ ఒకే తప్పు చేస్తారు. ఆవిడ చెయ్యి చిన్నది కాబట్టి పిస్తోలూ చిన్నదే ఉండాలంటారు.

"చెయ్యి చిన్నదైతే గాజులు చిన్నవి కొను నాయనా" అంటాడు ఎల్డన్. "పిస్తోలు ఎంత చిన్నదైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది. పెద్ద గుర్రం మీద కూచుంటే ఊపు తెలీదు. గాడిదపిల్ల మీద కూచో, తెలుస్తుంది."

డెల్మర్ అనే ఆయన నమ్మలేదు. కొట్టు వెనక గురి చూసే మట్టిదిబ్బ దగ్గర భార్యాభర్తలిద్దరూ చెరొకటి పేల్చి చూశారు. ఆవిడ పెద్దది పేల్చి నవ్వుతూ వచ్చింది. ఆయన చిన్నది పేల్చి బొటనవేలికి గుడ్డ కట్టుకు వచ్చాడు.

దిమ్మ ఇచ్చేముందు ఎల్డన్ ప్రశ్నలు వేస్తాడు. బెల్టు గట్టిదేనా? చొక్కా లోపలికి దోపుతావా, బయటికి వదిలేస్తావా? బూటు లేసు వంగి కడతావా, కూర్చుని కడతావా? ఇవన్నీ అయ్యాక కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చివరి ప్రశ్న అడుగుతాడు.

"నిన్ను కావలించుకునేవాళ్ళు ఎవరెవరు?"

ఆ ప్రశ్నకి ఊళ్ళో సిగ్గుపడని మగవాడు లేడు. ఆరడుగుల పైన నాలుగంగుళాలుండే కలప కోసేవాడొకడు చెవుల దాకా ఎర్రబడిపోయాడు.

"ఇదేం ప్రశ్న పెద్దాయనా?"

"చెప్పు."

"మా అమ్మ."

"ఎటువైపు నుంచి?"

"ఎడమ."

"అయితే కుడి నడుముకి పెట్టుకో. మీ అమ్మ చెయ్యి దాని మీద పడిందంటే నీ సంగతి దొంగల దాకా పోదు, ఆవిడే చూసుకుంటుంది."

కొట్టులో గోడ మీద అట్టముక్కకి రాసిన నియమం ఒకటి ఉంది. దిమ్మ మోసే మనిషిని కావలించుకుని, అది నడుమున ఉన్న సంగతి పసిగట్టినవాళ్ళు దాని మీద కలంతో పేరు రాయాలి. పది రోజుల్లో మూడు పేర్లు దాటితే ఆ మనిషికి దాచడం రాలేదన్నమాట. పేర్లు గీకేసి మళ్ళీ పది రోజులు.

ఊరికి అంతకన్నా ఏం కావాలి? ఎవడి చొక్కా కింద కాస్త ఎత్తుగా కనబడినా సరే, దాణా కొట్టులోనూ పోస్టాఫీసులోనూ జనం చేతులు చాచుకుని మీదికొస్తారు. "ఎవర్ని మోస్తున్నావురా?" "ఐవీని." "ఏదీ, కలం ఇలా తే."

పాస్టరు హాస్కెల్ మొదటి ఆదివారమే నలభై ఒక్క పేర్లతో తిరిగొచ్చాడు. రెండోసారి, మూడోసారి కూడా అంతే. "దేవుడి దగ్గర ఏదీ దాగదని వారంవారం చెప్పేవాడివి, నీకు దాచడం ఎక్కడ అబ్బుతుంది?" అన్నాడు ఎల్డన్. నాలుగోసారి పాస్టరు దాన్ని చీలమండకి కట్టుకుని గట్టెక్కాడు.

ఈ తతంగమంతా భరించలేనిది ఒక్క ట్వైలా. ఎల్డన్ అన్న కూతురు. పదేళ్ళుగా కొట్టు చూసుకుంటోంది. హైవే మీద పెద్ద కొట్టు వచ్చాక సగం జనం అటే పోతున్నారని ఆమె బాధ.

"అక్కడ పావుగంటలో పనైపోతుంది బాబాయ్."

"కాఫీ ఇస్తారా?"

"కాఫీకి ఎవరొస్తారు?"

"ఇప్పుడు ఆరుగురు కూర్చున్నారు, లెక్కపెట్టు."

ఈసారి ఎవరైనా వస్తే బాబాయి వెనకగదిలో ఉండగానే అమ్మేయాలని ట్వైలా పంతం పట్టింది. మార్చి నెలలో ఒక మంగళవారం వానలో తడుస్తూ లోయెల్ ప్రాథర్ రావడంతో ఆ అవకాశం రానే వచ్చింది.

లోయెల్ ముప్పై రెండేళ్ళు బడి పిల్లల బస్సు నడిపాడు. ట్వైలా కూడా ఆ బస్సెక్కినదే. టోపీ మరిచిపోయి వచ్చిన పిల్లలకి సీటు కింది డబ్బాలోంచి ఊలు టోపీలు తీసి ఇచ్చేవాడు. అవన్నీ ఆయన భార్య మేవిస్ అల్లినవి. మేవిస్ పోయి ఐదు నెలలైంది.

"చిన్న పిస్తోలు ఒకటి కావాలి" అన్నాడు.

ట్వైలా అద్దాల బల్లలోంచి మూడు తీసి పరిచింది. బరువులు చెప్పింది, పొడవులు చెప్పింది. ఏ తూటాకి ఏది ఎంత తంతుందో చెప్పింది. లోయెల్ విన్నాడు. ఒకదాన్నీ చేతిలోకి తీసుకోలేదు.

"ఏదైనా ఫర్వాలేదమ్మా. నీకు దగ్గరగా ఉన్నది ఇవ్వు."

ఇంత మంచి బేరం పదేళ్ళలో తగల్లేదనుకుంది ట్వైలా. ఫారం ఇచ్చింది. ఆయన నింపాడు. అమ్మకానికి సర్కారు అనుమతి కోసం ఆమె ఫోనెత్తబోతుండగా వెనకగది తలుపు తెరుచుకుంది. ఎల్డన్ చేతులకి చెక్కపొట్టుతో వచ్చి, బల్ల మీది పిస్తోలును, ఫారాన్ని, లోయెల్‌ను వరసగా చూశాడు.

"బెల్టు గట్టిదేనా లోయెల్?"

"గట్టిదే."

"ఎక్కడ పెట్టుకుంటావు?"

"ఎక్కడో ఒకచోట."

ఎల్డన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ట్వైలా కళ్ళు తిప్పుకుంది.

"నిన్ను కావలించుకునేవాళ్ళు ఎవరెవరు?"

"ఎవరూ లేరు" అన్నాడు లోయెల్. బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఎల్డన్ మూడు పిస్తోళ్ళూ తీసి అద్దాల బల్లలో పెట్టి తాళం వేశాడు. అరలోంచి అన్నిటికన్నా పెద్దదైన ఒపల్‌ని తీసి లోయెల్ చేతిలో పెట్టాడు.

"పది రోజులు."

"నాకు ఇవాళే కావాలి ఎల్డన్."

"షెరీఫ్‌కీ ఆ రోజే కావాల్సొచ్చింది. రా, అలా వరండాలోకి."

ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. అద్దం ఇవతల ట్వైలాకి మాటలు వినిపించలేదు. బాబాయి ఏదో చిన్నగా అడిగాడు. లోయెల్ కోపంగా చెయ్యి విసిరాడు. అయినా బాబాయి చెయ్యి లోయెల్ భుజం మీదే ఉంది. చివరికి లోయెల్ ఒపల్‌ని నడుమున దోపుకున్నాడు. ఇద్దరూ లోయెల్ బండెక్కి వెళ్ళారు. అరగంటకి ఎల్డన్ ఒక్కడే, ఎవరి బండో ఎక్కి, పాత వేట తుపాకి ఒకటి చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

"ఫారం కూడా నింపాడు బాబాయ్" అంది ట్వైలా, తగువుకి సిద్ధమై.

"ఒర అడిగాడా?"

"లేదు."

"పిస్తోలు కొనేవాడు దాని గురించి పావుగంట, ఒర గురించి గంట మాట్లాడతాడు. తోలుదా, నడుముకా, జేబుకా, గుచ్చుకుంటుందా అని నా ప్రాణం తీస్తాడు. మోసే వస్తువు మరి. ఒర అడగనివాడు మోయడానికి కొనడం లేదమ్మాయ్."

ట్వైలాకి టోపీల డబ్బా గుర్తొచ్చింది.

"బయట ఏం అడిగావు?"

"అడగాల్సిందే అడిగాను, చచ్చిపోదామనుకుంటున్నావా అని. పిచ్చా నీకు అన్నాడు. తర్వాత, అవును అన్నాడు." ఎల్డన్ వేట తుపాకిని వెనకగదిలో పెట్టి తాళం వేసి వచ్చాడు. "ఇది మేవిస్ నాన్నది, లోయెల్ ఇంట్లో ఉండేది. చెక్కకి మెరుగు పెట్టి ఇస్తానని తెచ్చాను. లోయెల్‌ని వాళ్ళక్క ఇంట్లో దింపి వచ్చా, కొన్నాళ్ళు అక్కడే ఉంటాడు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నా మోకాలికి తోడు రమ్మన్నాను, నమ్మినట్టు నటించాడు."

"ఈ దిమ్మలు ఎప్పటి నుంచి బాబాయ్?"

"నీ చిన్నప్పుడు ఒకాయనకి పావుగంటలో అమ్మాను" అన్నాడు ఎల్డన్. "ఆయనా ఒర అడగలేదు. నేనూ ఏమీ అడగలేదు." చేతుల పొట్టు దులుపుకుని కాఫీ కెటిల్ పొయ్యి మీద పెట్టాడు.

ఆ సాయంత్రం ట్వైలా ఫోను పట్టుకుని కూర్చుంది. ఎవరికీ ఏ సంగతీ చెప్పలేదు. "లోయెల్ ఒపల్‌ని మోస్తున్నాడు" అని ఒక్క ముక్క మాత్రం చెప్పి పెట్టేసింది. హిక్స్‌బర్గ్‌కి ఆ ఒక్క ముక్క చాలు.

రోజూ పదిగంటలకి తనిఖీకి రావాలని ఎల్డన్ కొత్త నియమం పెట్టాడు. మొదటిరోజు లోయెల్ దిమ్మ వాపసు ఇచ్చేద్దామనే కోపంతో వచ్చాడు.

"నువ్వు లోపలికెళ్ళగానే డాక్టరు గుమ్మంలో నర్సు పట్టుకుంది. ఆ పిల్ల నా బస్సే."

"పేరు రాసిందా?"

"రాసింది. పువ్వు కూడా గీసింది."

"ఎడం వైపుకి జరుపు."

ఎడం వైపుకి జరిపితే దాణా కొట్టు దగ్గర ఆరడుగుల నాలుగంగుళాల కలప కోసేవాడు ఎడం వైపు నుంచే వచ్చి ఎత్తి దింపాడు. వెనక్కి జరిపితే పోస్టాఫీసులో ఫర్న్ పట్టుకుంది. ఆవిడ జన్మలో ఎవర్నీ కావలించుకున్న మనిషి కాదు. కావలించుకుని, పేరు రాసి, "అక్కని మోసేకన్నా నన్ను మోస్తే తేలిగ్గా ఉంటుందని మా బావకి చెప్పు" అనేసి పోయింది. శుక్రవారం నాటికి చెంపలు నెరిసిన ఒకాయన యాభై మైళ్ళ నుంచి బండేసుకు వచ్చాడు. మూడో తరగతిలో తనకి ఎర్ర టోపీ ఇచ్చారని చెప్పి, వాకిట్లోనే గట్టిగా పట్టుకుని, ఎంతకీ వదల్లేదు.

"వాడికి ఒపల్ సంగతే తెలీదు ఎల్డన్. ఊరికే వచ్చాడు" అన్నాడు లోయెల్ మర్నాడు. ఆ రోజు తనిఖీ మధ్యాహ్నం దాకా సాగింది.

పదోరోజున లోయెల్ గడ్డం గీసుకుని వచ్చాడు. ఒపల్‌ని బల్ల మీద పెట్టాడు. చెక్క కనబడలేదు. ఆరు పక్కలా పేర్లే. అంచుల మీద, పేర్ల మధ్య, పువ్వు రేకుల్లో కూడా పేర్లే.

ఎల్డన్ కళ్ళజోడు తీసి, ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపు తుడుచుకున్నాడు.

"నిన్ను కావలించుకునేవాళ్ళు ఎవరెవరు?"

"చదువుకో" అన్నాడు లోయెల్. "జాగా చాల్లేదు. ఇద్దరి పేర్లు చొక్కా మీద రాయించుకున్నా."

ఎల్డన్ దిమ్మని ఆ పక్కా ఈ పక్కా తిప్పి, గోడ మీది అట్టముక్కని చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మూడు దాటకూడదు. ఇన్ని పేర్లు పాస్టరుకి కూడా రాలేదు. నీకు దాచడం చేతకాదు లోయెల్. దాచడం చేతకానివాడికి నేను చిన్న పిస్తోలు అమ్మను."

"మరేం చెయ్యమంటావు?"

"ఇంకో పది రోజులు మోసి రా."

లోయెల్ నవ్వాడు. ట్వైలా గీకుడు కాగితం తీసి ఇవ్వబోతే వద్దన్నాడు. పేర్లు గీకడానికి వీల్లేదనీ, కొత్త దిమ్మ ఇవ్వాల్సిందేననీ పట్టుబట్టాడు. ఎల్డన్ గొణుక్కుంటూ నోవాని తీసి ఇచ్చాడు.

ఇది జరిగి ఆరేళ్ళైంది. మేవిస్ నాన్న తుపాకి చెక్కకి పెట్టిన మెరుగు ఇంకా ఆరలేదు. గాలిలో చెమ్మ ఎక్కువట. ఎల్డన్‌కి చెక్కే పని ఎక్కువైంది, మరదళ్ళ పేర్లు అయిపోయి మేనత్తల పేర్ల దాకా వచ్చాడు. పదోరోజు పదోరోజుకీ లోయెల్ నిండిపోయిన దిమ్మతో కొట్టుకి వస్తాడు, తప్పుతాడు, కాఫీ తాగుతాడు, కొత్తది దోపుకుని వెళ్తాడు. ఈ కొట్టులో ఇన్నిసార్లు తప్పినవాడు ఇంకొకడు లేడు. మొన్న కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు పది రోజులేమిటని ట్వైలాతో దెబ్బలాడబోతే, మూలన కూర్చున్న లోయెల్ కప్పు దించి అతనికి ధైర్యం చెప్పాడు.

"నీకేం ఫర్వాలేదు బాబూ. ముందు ఒర అడుగు."